ఉమ్ నాయిఫ్ ఇంటి మర్యాద

ఇన్సాఫ్ అరచేతులకు ఆలివ్ నూనె రాసుకుంది. తర్వాత గుర్తొచ్చి తుడిచేసుకుంది. ఇర్బిద్‌లోని ఆసుపత్రిలో కేన్సర్ రోగుల అరికాళ్లు నొక్కడం, వికారం తగ్గేలా ఊపిరి పీల్చి వదలడం నేర్పడం, ఇంట్లో ఏ ఆకులు కాచుకుని తాగుతున్నారో కూపీ లాగడం ఆమె ఉద్యోగం. కరోనా వచ్చాక ఆ గదిలో మంచం తీసేసి కుర్చీనీ ఫోనునూ మిగిల్చారు. ఇన్నేళ్లూ చేతులతో చేసిన పని ఇప్పుడు నోటితో చేయాలి. ఆ మాట చేతులకు మాత్రం ఇంకా తెలిసిరాలేదు.

ఆమెది గొప్పగా చెప్పుకునే బతుకేం కాదు. పెళ్లి కాలేదు. తమ్ముడి ఇంటి పైగదిలో ఉంటుంది. తల్లి కూడా కేన్సర్‌తోనే పోయింది, "ఆ జబ్బు" అనేవాళ్లు. ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు, అంటుకుంటుందేమోనన్న భయంతో ఆవిడ కాళ్లు తాకలేదు. ఇన్సాఫ్ అప్పుడు చిన్నపిల్ల. పెద్దయ్యాక ఊళ్లో అందరి కాళ్లూ ఒళ్లో పెట్టుకుంది.

ఆ ఉదయం డాక్టరు వచ్చి రఘ్దా అనే రోగి సంగతి చెప్పాడు. అజ్లూన్ కొండల్లో ఉంటుంది రఘ్దా. కాలేయం పాడవుతోంది, ఇలాగే ఉంటే తర్వాతి మందు ఎక్కించలేం అన్నాడు. వేరే మందేమైనా తాగుతున్నావా అని ఎన్నిసార్లు అడిగినా లేదనే అందట. ఆ పిల్ల అబద్ధమాడలేదు. ఆ కొండల్లో మందంటే దుకాణంలో కొన్నదే. వంటింట్లో కాచింది మందెలా అవుతుంది?

వీడియోలో రఘ్దా కళ్లు పచ్చబడి కనిపించాయి. పక్కనే అత్తగారు ఉమ్ నాయిఫ్ కూర్చుంది. ఏం అడిగినా కోడలు ఆవిడ వంక చూసి నోరు మూసుకునేది. ఇన్సాఫ్ ఇక కోడల్ని అడగడం మానేసింది.

"పెద్దమ్మా, కర్ఫ్యూ లేకపోతే నేనే మీ ఇంటికొద్దును. వస్తే నాకేం ఇచ్చేదానివి?"

గడప తొక్కిన మనిషిని వట్టి నోటితో పంపడం ఉమ్ నాయిఫ్ వంశంలోనే లేదు. ఫోనులో వచ్చినా అతిథి అతిథే. కాఫీ, ఎండు అంజూరాలు, ఇంట్లో చేసిన పెరుగు ముద్దలు, ఒక్కొక్కటే వడ్డించినట్టు చెప్పుకొచ్చింది.

"ఒంట్లో బాగోలేని వాళ్లొస్తే మాత్రం జాదా ఆకు కాచిస్తా బిడ్డా. కొండెక్కి నా చేత్తో కోసుకొస్తా. ఈ పిల్లకి రెండు పూటలా అదే. చేదంటుంది. నేనూరుకుంటానా?"

ఇన్సాఫ్ వెతుకుతున్నది దొరికింది. మొహంలో కనపడనివ్వలేదు. ఇప్పుడు తప్పుపడితే ఆవిడ రేపటి నుంచి చాటుగా కాస్తుంది.

"ఆకు చెడ్డదని అనను పెద్దమ్మా. కానీ అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఆస్పత్రి మందుతో కలిస్తే మరీను. ఇవాళే ఆపాలి. లేకపోతే వాళ్లు మందే ఆపేస్తారు."

ఉమ్ నాయిఫ్ తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"అంటే నా చేత్తో నేనే..."

"నీ చేతికి వేరే పనుంది. కాస్త నూనె తెచ్చుకో. నేనిక్కడ నొక్కినట్టు నువ్వక్కడ నొక్కు."

ఇన్సాఫ్ జోడు విప్పి తన పాదమే ఫోను ముందు పెట్టింది. ముసలావిడ గొణిగింది, అత్త కోడలి కాళ్లు పట్టడమేమిటి, లోకం నవ్వదా అని. లోకమంతా కర్ఫ్యూలో ఉంది, తొంగిచూడ్డానికి గడప దాటేవాళ్లే లేరంది ఇన్సాఫ్. రఘ్దా నవ్వింది.

సాయంత్రం, అందరినీ ఇళ్లలోకి పొమ్మనే సైరను మోగకముందే ఇన్సాఫ్ మళ్లీ ఫోను చేసింది. ఇప్పుడొస్తే ఏం ఇస్తావంటే, పుదీనా నీళ్లు అని ముక్తసరిగా జవాబొచ్చింది. ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న అడిగింది, విసుక్కున్నా వదల్లేదు. కాలేయం మెల్లగా కుదుటపడింది. ఆలస్యంగానైనా మందు ఎక్కింది.

చివరి మందు నాటికి ఉమ్ నాయిఫ్ లేదు. చెల్లెలి ఇంటికి పరామర్శకు వెళ్లి జ్వరం తెచ్చుకుంది. కోడలికి అంటుతుందని, ఎవరు పిలిచినా ఇంటికి రానని మొండికేసి, అక్కడే పోయింది.

రఘ్దా ఈ మాట చెప్పినప్పుడు ఇన్సాఫ్ ఏడ్చింది, దాచుకోలేదు. తర్వాత మొహం తుడుచుకుని, కాళ్లెవరు నొక్కుతున్నారని అడిగింది.

"నేనేలే అక్కా. ఆవిడ నొక్కినట్టే."

చూపించడానికి రఘ్దా ఫోను కిందికి వంచింది. మంచం చివర అత్తగారి పొట్టి పీట అలాగే ఉంది, దాని మీది దిండులో ఆవిడ కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.