మా హౌజు చేపల ఆకలి

లాల్‌దర్వాజాలో మేము అద్దెకున్న ఇంటి వాకిట్లో ఒక హౌజు, అంటే గచ్చు నీళ్లతొట్టి, ఉంది. నడుము లోతు. ఒకప్పుడు దాని నడుమ ఫౌంటెన్ ఆడేదట. ఇప్పుడు తుప్పు పట్టిన గొట్టం మిగిలింది, దాని మీద పిచ్చుకలు వాలతాయి. ఇల్లు మహబూబున్నీసా బేగంగారిది. ఆమె వెనక భాగంలో ఉంటారు. ఆమె గది జాలీ కిటికీ సరిగ్గా హౌజు మీదికే ఉంటుంది. ముందరి గదుల్లో నేను, గాజులకు రాళ్లు అతికే షౌకత్ బీ, ఫలక్‌నుమా స్టేషనులో సిగ్నలు దీపాలు వెలిగించే భిక్షపతి, పుస్తకాలకు అట్టలు కట్టే అజ్మత్ అలీ ఉంటాము. వాకిలి అందరిదీ. హౌజులోని ఎర్ర చేపలు మాత్రం నా భార్య కృష్ణమ్మవి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు, మామిడికాయల రోజుల్లో ఆమె పోయింది. దాన్ని గురించి ఇంతకంటె రాయను. చేపలు మిగిలాయి.

తొలకరి పడే నాటికి నీళ్లు పచ్చబడ్డాయి. తరువాత చిక్కబడ్డాయి. ఆ తరువాత వాసన మొదలైంది. ఆమె ఉన్నప్పుడు ఆ నీళ్లు అంత తేటగా ఎలా ఉండేవో నేను ఒక్కనాడూ అడగలేదు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు శుక్రవారమే కనుక, ప్రతి శుక్రవారం అఫ్జల్‌గంజ్ బజారుకు వెళ్లి, నేను అడిగిన ప్రతివాడూ చెప్పిన మందు తెచ్చాను. ఒకసారి చేపలను గంగాళంలోకి మార్చి, నీళ్లన్నీ తోడేసి, కొబ్బరి పీచుతో గోడలు తోమి, నల్లా నీళ్లతో ఒకే పూట నింపాను. చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి, నావైపు చూసి ఏదో అడగబోయి మానుకున్నట్టు ఉండిపోయాయి. అవి తేరుకునేసరికి నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి.

వాటికి తోడు దోమపిల్లలు. నీటిపొర కింద కామాల్లాగా వేలాడుతూ, నీడ పడితే మెలికలు తిరిగి దిగిపోయేవి. ఎర్ర చేపలు దోమపిల్లలను తింటాయని కృష్ణమ్మ అనేది. ఇవి ముట్టుకునేవి కావు. పెళ్లి భోజనం చేసి అరుగుల మీద వాలిన పెద్దమనుషుల్లా అడుగున మందంగా కదిలేవి. జబ్బు చేసిందనుకున్నాను.

ఒక గురువారం బేగంగారు జాలీ వెనక నుంచి దగ్గారు. అంటే మాట్లాడవలసిన పని ఉన్నదని అర్థం.

"మాస్టర్ సాబ్, జహనుమాల మా తమ్ముని ఇంటికి బల్దియా వాళ్లు వచ్చిన్రు. రేపు కాదు, పై జుమ్మాకు మన గల్లీకి వస్తరంట. నీళ్లల్ల దోమపిల్లలుంటె గ్యాసు నూనె పోస్తరు. నేను వద్దనలేను. ఇంట్ల మా మనుమరాలున్నది, చిన్న పిల్ల, జ్వరం ఇప్పుడిప్పుడే తగ్గింది."

మునిసిపాలిటీ వాళ్లు ఆ కిరసనాయిలు పోస్తే దోమపిల్లలు చస్తాయి. వాటితో పాటు చేపలూ చస్తాయి. ఆమె చెప్పింది న్యాయమే. సరేనమ్మా అన్నాను. వారం ఉంది.

మరునాడు గొడుగు తీసుకుని మళ్లీ అఫ్జల్‌గంజ్ బయలుదేరాను. గల్లీ మలుపులో చెప్పు తెగింది, వాన అందుకుంది. పక్క తలుపు నుంచి ఇంట్లోకి వచ్చి, గుమ్మానికి కట్టిన వెదురు తెర దించుకుని మంచం మీద వాలాను. నేను తిరిగి వచ్చినట్టు ఎవరికీ తెలియదు. వెదురు పుల్లల సందుల్లోంచి వాకిలి కనబడుతూనే ఉంది.

వాన వెలిసింది. షౌకత్ బీ వచ్చింది. నా గది వైపు ఒకసారి, గల్లీ వైపు ఒకసారి చూసి, కొంగు ముడి విప్పి, గోధుమపిండి గోళీలు ఒకటొకటిగా నీళ్లలో వేసింది. ప్రతి గోళీకీ దువా చదువుతున్నట్టు పెదవులు కదిలాయి. చివర కృష్ణమ్మ పేరు వినబడింది.

ఆమె లేచేలోగా భిక్షపతి తువ్వాలు మూటతో వచ్చాడు. ఆమెను చూసి మూట వెనక్కి దాచుకున్నాడు.

"ఏంది భిక్షపతీ, తువ్వాల్ల ఏంది?"

"ఏం లేదక్కా. పేలాలు. నేను తిందామని."

"తినెటోనివి నీళ్ల దిక్కు జూస్తున్నవేంది మరి?"

అతడు మూటను ఇంకా వెనక్కి జరుపుతూ ఉండగానే అజ్మత్ అలీ అంగీ కింద గిన్నె పట్టుకుని వచ్చాడు. భిక్షపతికి ప్రాణం లేచొచ్చింది.

"చాచా, అట్టలు అతికే లేయి తెచ్చినవా? చేపలకు అట్టలు కడ్తవా ఏంది?"

"లేయి కాదురా. తుత్తం విషం కలపకముందే తీసిన మైదా. రోజు తెస్త."

"రోజునా?" అంది షౌకత్ బీ.

"ఆమె పోయిన సంది. నోరులేని జీవికి పెడితె సవాబు, గా పుణ్యం, పోయినోళ్లకు చేరుతది. గీ ఇంట్ల నేనొక్కన్నే పెడ్తున్న అనుకుంటి."

షౌకత్ బీ తనొక్కతే అనుకుంది. భిక్షపతి కూడా అంతే. పైగా అతడిది రెండు పూటల లెక్క, డ్యూటీకి పోయేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి. ముగ్గురూ హౌజులోకి చూశారు. గోళీలు తినేవారు లేక మెల్లగా అడుక్కి దిగుతున్నాయి.

నాకు నవ్వు వచ్చింది. చాలా రోజులకు వచ్చింది కనుక అదేమిటో గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. తెర ఎత్తి బయటికి వచ్చాను. ముగ్గురూ బడిలో చింతకాయలతో దొరికిన పిల్లల్లా నిలబడ్డారు. వాళ్లను అంటాను కాని, పొద్దున బడికి పోతూ సగం రొట్టె తుంపి వేసేది నేనే. నాలుగిళ్ల తిండి ఒక్క హౌజులోకి. తిన్నంత తిని, మిగిలింది కుళ్లి, నీళ్లు పాడవుతున్నాయి. కడుపు నిండిన చేపలకు దోమపిల్లల అవసరం ఏముంది?

ఆపండి అని చెప్పాలి. కాని వాళ్లు వేస్తున్నది వట్టి పిండి కాదు. అందుకని ఇలా అన్నాను:

"కృష్ణమ్మ వాటికి పొద్దున ఒక్కసారే పెట్టేది. చిటికెడు."

ఆ వాకిట్లో నేను ఆమె పేరు ఎత్తడం అదే మొదలు.

షౌకత్ బీ ముక్కు తుడుచుకుంది. "గా ముచ్చట ముందే చెప్పొద్దా భాయ్? అడుగుదామంటె నీ మొకం జూసి నోరు రాకపాయె."

అది నిజం. నేను కూడా రొట్టె వేస్తున్నానని చెప్పాను. దానితో అందరికీ కొంచెం తేలికైంది.

"అయితె ఇయ్యాల్టి సంది చేపలకు రోజా," అన్నాడు అజ్మత్ అలీ.

"ఒక్కపొద్దు," అన్నాడు భిక్షపతి.

"ఏదో ఒకటి. మరి మేమేం జెయ్యాలె? ఊకె కూసుంటమా?" అంది షౌకత్ బీ.

అప్పుడు కుండలు గుర్తుకొచ్చాయి. కృష్ణమ్మ సాయంత్రం నల్లా నీళ్లు కుండలకు పట్టి వాకిట్లో ఉంచేది. మరునాడు హౌజులోంచి కొన్ని నీళ్లు తీసి పుదీనా మడికి పోసి, రాత్రంతా నిలిచి మందు ఘాటు పోయిన నీళ్లు అంత మేరకే హౌజులో పోసేది. ఇంత చాకిరీ ఎందుకని నేను అనేవాడిని. ఇప్పుడు ఆ పని పంచుకున్నాము. కుండలు భిక్షపతి పట్టేవాడు. పాత నీళ్లు అజ్మత్ అలీ పుదీనాకు మోసేవాడు. షౌకత్ బీ తన పాత ఓణీతో నీళ్ల మీది తెట్టు తీసేది. అడుగున పేరుకున్న పిండిని ఎత్తడం, పొద్దున చిటికెడు వెయ్యడం నా వంతు.

ఒకటే చిక్కు. పొద్దున లేచేసరికి నీళ్ల మీద తెల్లటి పొడి తేలుతూ ఉండేది. రోజురోజుకూ ఎక్కువైంది. భిక్షపతిని అనుమానించాము. అతడు మహంకాళమ్మ మీద ఒట్టు వేశాడు. ఎవరైతేనేం, చేపలు నిద్ర లేవకముందే ఎత్తిపారెయ్యమని షౌకత్ బీతో అన్నాను. చేపలు నిద్రపోతాయా అని ఆమె అడిగింది. నాకు తెలియదు.

నీళ్లు మెల్లగా తేటపడ్డాయి. మొదట గొట్టం మొదలు కనబడింది, తరువాత అడుగున గచ్చు కనబడింది. ఆకలి వేసిన చేపలు చురుకెక్కాయి. నీటిపొర కిందికి దూసుకు వచ్చి ఒక్కొక్క కామానూ చెరిపేశాయి. నేను దిద్దిన ఏ కాపీ పుస్తకమూ అంత శుభ్రంగా లేదు.

శుక్రవారం బల్దియా మనిషి నూనె డబ్బాతో వచ్చాడు. తెల్ల గరిటె ముంచి చూశాడు. మూలన ముంచాడు, గొట్టం పక్కన ముంచాడు. మేము నలుగురం వరసగా నిలబడి ఉంటే, ఎవరిదైనా పెళ్లిచూపులా అని అడిగాడు. డబ్బా మూత తియ్యకుండానే పక్కింటికి పోయాడు.

మిగతా వాళ్లు నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు. నేను ఆనాటి పిండి తెచ్చుకుని గట్టు మీద కూర్చున్నాను. జాలీ వెనక దగ్గు వినబడింది.

"మాస్టర్ సాబ్, చేపలు మస్తు చిక్కిపోయినయి."

"అవునమ్మా."

"అందరు బంద్ జేసిన్రని నేను కుల్చా పొడి జర ఎక్కువేసిన."

పొద్దున తేలే తెల్లటి పొడి కుల్చా రొట్టెదని అప్పుడు తెలిసింది.

"కృష్ణమ్మ పొద్దుగాల పుదీనా తెచ్చి ఈ జాలీలకెల్లి ఇచ్చేది," అన్నారు బేగంగారు. "ఆమె గట్టు మీద, నేనీడ. ఎంతసేపు ముచ్చట పెట్టుకునెటోళ్లమో మీకు ఎర్కలేదు, మీరు బడిల ఉంటిరి." గొంతు జాలీకి దగ్గరైంది. "ఇగ నా వంతు లేదా?"

"జుమ్మా నాడు మీరు వెయ్యండమ్మా. ఆ రోజు నేను వెయ్యను. చిటికెడు."

"చిటికెడంటె ఎంత?"

వేళ్ల మధ్య పిండి పట్టి జాలీకి ఎదురుగా చూపించాను. నా వేళ్లు లావు. కృష్ణమ్మవి సన్నవి. అందుకని కొంత రాల్చి మళ్లీ చూపించాను.

రాలినదాన్ని చేపలు తినేశాయి.