పిట్టకథలు లేని సంగ్రహము

వర్షధారాక్షాళితమై నిర్మలమైన శరత్కాలగగనమునందు సాయంసంధ్యారాగము క్రమక్రమముగ వ్యాపించుచుండ గూండ్లకు మరలు విహంగముల కలకలారావములు వీథివీథిని నిండుచుండ విజయనగరమున నొక పాతపేటయందలి పెంకుటింటి యరుగుపై వయోవృద్ధులును హరికథాగానధురంధరులును నగు యోగానందదాసుగారు పడకకుర్చీయందు సుఖాసీనులై యెదుట ముక్కాలిపీటపై నున్న చరవాణితో సంభాషించుచుండిరి. త్రోవను బోవు కూరలబండివా డొక్కక్షణము నిలిచి చూచి జాలితో తలయూచి వెడలిపోయెను. వృద్ధుడు తనలో దాను మాటలాడుకొనుచున్నాడని వాని యభిప్రాయము కాబోలు. అది పొరపాటు. ఆ చరవాణియందు కృత్రిమమేధానిర్మితుడైన సహాయకు డొకడు కలడు. అతడు దాసుగారు చెప్పినది వినును. సందేహము కలిగిన నడుగును. విసుగన్న నేమో యెఱుగడు. మనలో నెందఱికి ఈ సద్గుణము కలదో చెప్పుట కష్టము.

ఈ యేర్పాటు దాసుగారి శిష్యురాలైన కాత్యాయని చేసినది. ఆమె సంగీతకళాశాలయం దుపాధ్యాయిని. మధురకంఠి. ఇల్లు అద్దమువలె నుంచుకొనునది. ఏ వస్తువైనను తన చోట లేకున్న నామెకు ముద్ద దిగదు. గురువుగారి జ్ఞాపకశక్తి నానాటికి క్షీణించుచున్నదనియు దానిని నిలుపు నౌషధము లేదనియు వైద్యుడు చెప్పిన దినమున ఆమె గుండె చెరువయ్యెను. ఏలయన దాసుగారు తమ కథలలో నొక్కదానినైనను వ్రాసియుంచినవారు కారు. "రాస్తే కథ కదలదమ్మా" అని నవ్వి యూరకుండువారు. కావున నామె గురువుగారు సాయంకాలములయందు సహాయకునితో కథ చెప్పునట్లును సంభాషణ ముగిసినంతనే సహాయకుడు దాని సారమును సంగ్రహించి తన సొంత టిప్పణుల భాండారమునందు కథాక్రమమున భద్రపఱచునట్లును కట్టడి చేసెను.

తొలి సంగ్రహములను జదివిన కాత్యాయని మనసు కలతపడెను. దాసుగారు రాజకుమారికా కల్యాణకథ నుపక్రమించి చెప్పుచు చెప్పుచు పనసకాయ బేరములోనికి బోయిరి. అందుండి బాల్యమునాటి రైలుప్రయాణములోనికి, అందుండి యెవరో యత్తగారి యలుకలోనికి బోయిరి. ఇది వ్యాధిలక్షణమని యామె నిశ్చయించుకొనెను. మహాసభలను మంత్రముగ్ధము చేసిన గురువుగారి వాక్కునకు పట్టిన యీ దైన్యము పదుగురి కంట బడరాదని గాఢమైన ప్రేమచేతనే తలచెను.

"ప్రధానకథకు సంబంధం లేని మాటలన్నీ, ఇదివరకటివాటితో సహా, వదిలెయ్యి. సారాంశం భద్రం చేశాక అసలు సంభాషణ తీసెయ్యి" అని సహాయకున కాజ్ఞ యిచ్చెను.

"తీసేస్తే మళ్ళీ రాదండీ. సరేనా?" అని యతడు హెచ్చరించెను. ఆమె సరే యనెను.

ఇట్లు శరత్తు గడచి హేమంతము గడచి మాఘము ప్రవేశించెను. ఏటేట దాసుగారిచే కల్యాణకథ చెప్పించు సభవారు ఈ యేడు శిష్యురాలే చెప్పవలెనని వచ్చి కోరిరి. కాత్యాయని పరమానందభరితయై భాండారమును దెఱచెను. ఎక్కడి దక్కడ నమరియున్న యా సంగ్రహములను జూచి యామె మురిసిపోయెను. అక్షరము పొల్లుపోకుండ వల్లించి గజ్జె గట్టి చిడతలు చేబూని యొకనాటి సాయంకాలము గురుసన్నిధిని కథ వినిపించెను. శ్రుతి తప్పలేదు, తాళము తప్పలేదు. దాసుగారు నడిరేయి వఱకు నడపు కథ దీపములు పెట్టు వేళకే ముగిసెను.

"బాగా పాడావమ్మా" అనిరి దాసుగారు. "ఈ కథ ఎవరిది?"

"మీదే గురువుగారూ."

"నాదా? నా కథలో ఊరి జనం ఉండేవారమ్మా. వాళ్ళేరీ?"

ఆ మాట పిడుగుపాటయ్యెను. హరిదాసు గజ్జె ఘల్లుమనిపించుచు ప్రధానకథను నడునడుమ విడిచి యే వంటవాని గోడో యే చాకలివాని చమత్కారమో చెప్పి సభను నవ్వించి కంట తడి పెట్టించి మరల కథలోనికి వచ్చును. దానినే పిట్టకథ యందురు. దాసుగారి ప్రఖ్యాతిలో సగపాలు వారి పిట్టకథలదే. అవి సభనుబట్టి యప్పటికప్పుడు పుట్టునవి గాన శిష్యురాలికిని పట్టుబడలేదు. పిట్టకథయు మతిమఱపును పైకి జూచుట కొక్కతీరుననే దారి విడిచి పోవును. కాత్యాయని రెంటి నొక్కటిగ నెంచి యింటి బూజు దులిపినట్లు దులిపివేసెను. ఇన్నినాళ్ళు హరికథ నేర్చిన దానికి ఇట్టి పొరపాటు తగునా యని నేనును గోపించుకొనియుందును గాని యామె ముఖము చూచిన పిమ్మట నోరు రాదు.

ఆమె చరవాణి నందుకొని యా మాటలను మరల దెచ్చుట సాధ్యమాయని సహాయకు నడిగెను.

"సాధ్యం కాదండీ. మీరు చెప్పినట్టే సంభాషణలు తీసేశాను. ఏది పక్కదారో ఏది కథో మిమ్మల్ని అడిగి వదలవలసింది, అడగలేదు. కావాలంటే కొత్త పిట్టకథలు కల్పించి ఇస్తాను. కాని అవి దాసుగారివి కావు" అని యతడు ప్రత్యుత్తర మిచ్చెను.

కాత్యాయని వెక్కి వెక్కి యేడ్చెను. గురువు బ్రదికి యుండగనే గురువును బోగొట్టుకొంటినని యేడ్చెను.

మఱునాటి సాయంకాలము వదలుమన్న యాజ్ఞను రద్దుచేసి యొక్క మాటయైన జాఱక యంతయు నుంచుమని సహాయకునకు జెప్పి యామె తానే గురువుగారి పాదములచెంత గూర్చుండెను. దాసుగారు రాజకుమారిక పల్లకి నెక్కు ఘట్టము నెత్తుకొనిరి. భాండారమున ఈ ఘట్టమునకు "వధువు అత్తవారింటికి బయలుదేరెను" అను నొక్క వాక్యమే కలదు.

"ఆ పిల్ల ఏడవలేదమ్మా" అనిరి దాసుగారు. "ఊరు దాటుతూంటే గుడ్లప్పగించి పల్లకి తెర చూస్తూ కూర్చుంది. ముందు మోసే బోయీ అప్పన్నకి తెలిసిపోయింది. 'కాల్లో ముల్లు దిగిపోనాది బాబూ' అని పల్లకి దింపేశాడు. ముల్లూ లేదు, ఏమీ లేదు! అరికాలు తడుముకుంటూ కూర్చున్నాడు. అంతసేపూ ఆ పిల్ల తెర తప్పించి ఊరు చూసుకుంది. మా అక్క ఇంకా చూసేదే, మా నాన్న కేకేశాడు."

కాత్యాయని యులికిపడెను. రాజకుమారిక యెప్పుడు అక్కయ్యెనో, రాచనగరి యెప్పుడు తన యూరయ్యెనో దాసుగారెఱుగరు. అది పిట్టకథయో మతిమఱపో నాకును దెలియదు. ఆమె యడుగలేదు. కన్నీరు తుడుచుకొనుటయు మఱచి వినుచుండెను.

ఇంతలో దాసుగారు తటాలున నాగిరి. సభ మధ్యమున పదము మఱచిన గాయకునివలె వారి కన్నులలో భయము పొడసూపెను. చేయి చాచి శిష్యురాలి భుజమును బట్టుకొనిరి.

"ఎక్కడున్నానమ్మా? కథలోకి రావాలి కదా?"

"కథలోనే ఉన్నారండీ. చెప్పండి."

దాసుగారు నమ్మిరి. చెప్పసాగిరి.