రెండో పేజీ, మూడో వరుస

"మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ. సాయంత్రాలు పిల్లలకి పియానో నేర్పుతుంటుంది, కాలక్షేపానికి" అని మా ఆయన ఫోన్లో ఎవరికో చెబుతున్నప్పుడు నేను పియానో మీదున్న ఇస్త్రీ బట్టల దొంతర తీసి సోఫాలో పెడుతున్నాను. బట్టల పక్కన, పొద్దుటి షిఫ్టు ముగించుకుని మూడింటికే ఇంటికొచ్చేసే ఆయన హెల్మెట్, దాని వెనక అత్తయ్య మందుల డబ్బా, కరెంటు బిల్లు, జత లేని సాక్సు ఒకటి. మూడున్నరకి ఇవన్నీ దించుతాను. నాలుగింటికి మూత తెరుస్తాను. ఏడింటికి మూత వేశానో లేదో మళ్ళీ ఏదో ఒకటి ఎక్కి కూర్చుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. పొద్దున్న అయిదింటికి లేచి రెండు పూటల వంట, అత్తయ్య స్నానం, బట్టలు, అంట్లు అన్నీ ముగించుకుని పియానో దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళకి ఇంకా సబ్బు వాసన వేస్తూనే ఉంటుంది. ఖాళీ అనే మాట ఆయన వెటకారంగా కూడా అనలేదు. గోడ తెల్లగా ఉందన్నట్టు అన్నారంతే. వెటకారమైతే తిరిగి ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

ఆయన చెడ్డవారేమీ కాదు. పెళ్ళికి ముందు "సంగీతమంటే నాకూ ఇష్టమే" అన్నారు, అది నిజమే. ఇంటికి ఆఫీసువాళ్ళొస్తే "ఏదైనా వాయించవోయ్, చిన్నదే, భోజనాలు పెట్టేలోపు" అని ఇప్పటికీ గర్వంగా అడుగుతారు. నేను చిన్నదే వాయిస్తాను. అది సగంలో ఉండగానే ఆయన చప్పట్లు కొట్టి "ఇక లేవండి, చల్లారిపోతాయి" అంటారు. పెద్దవి వాయించడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు. మానేయాలని అనుకున్నదీ లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా టీచరమ్మ మొదటి రోజంతా పియానో మీద ఒకే ఒక్క మెట్టు నొక్కించింది. "శబ్దం పూర్తిగా పోయాక చెయ్యెత్తు" అంది. నేను వెంటనే ఎత్తేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని "ఇంకా ఉంది" అంది. నిజంగానే ఉంది, దోమ రెక్కంత సన్నగా. నా దగ్గరికి వచ్చే పిల్లలకీ నేను అలాగే మొదలుపెడతాను. వేళ్ళ సంగతి తర్వాత, ముందు చెవులు. స్కేలుతో కొట్టను. 'తప్పు' అనను, 'ఇంకోసారి విందాం' అంటాను. కొందరు తల్లిదండ్రులకి ఇది నచ్చదు. ఆర్నెల్లయినా ఒక్క పాట రాలేదని వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఉన్నవాళ్ళు మాత్రం వినడం నేర్చుకున్నారని నాకో ధీమా ఉండేది.

వాళ్ళలో పిచ్చుక అని పదకొండేళ్ళ పిల్ల. మనిషి పిడికెడంత, అందుకే ఆ పేరు. వాళ్ళమ్మ మా వీధి చివర దర్జీ. ఇంట్లో పియానో లేదు. బట్టలు కత్తిరించే బల్ల మీద వాళ్ళమ్మ సుద్దతో మెట్లు గీసిపెడితే పిచ్చుక దాని మీదే సాధన చేస్తుంది. ఏ చప్పుడూ రాని బల్ల మీద వాయించి, మర్నాడు నా దగ్గరికి వచ్చి ఏ వేలు ఎక్కడ తడబడిందో తనే చెబుతుంది. అలాంటి పిల్ల నాకు ఇంకొకరు తగల్లేదు. ఊళ్ళో సంగీత పాఠశాలలో పరీక్ష పెట్టి ఏడాదికి ఒక్క ఉచిత సీటు ఇస్తారు, రోజూ వాళ్ళ పియానో మీద సాధన చేసుకోవచ్చు. దానికోసం ఏడు నెలలు ఒకే పాట మీద కూర్చున్నాం. పాట నేర్పేటప్పుడు ముందు నేను వాయిస్తాను, పిల్లలు వింటారు. అది నా పద్ధతి.

పరీక్ష రోజు పిచ్చుక అద్భుతంగా మొదలుపెట్టింది. స్వరాల కాగితాల్లో రెండో పేజీ మూడో వరుసలో, పాట బాగా నెమ్మదించి గుసగుసలాగా మారే చోట, ఉన్నట్టుండి చేతులు ఆపింది. మెడ తిప్పి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. మళ్ళీ ముందుకి తిరిగి, ఏమీ జరగనట్టు చివరిదాకా వాయించింది.

పరీక్ష చేసిన పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది. "పిల్ల బంగారం. కానీ ఆ ఆగడమేమిటండీ? పోయినేడాది మీ దగ్గర్నుంచే ఒక అబ్బాయి వచ్చాడు, వాడూ అంతే, మధ్యలో ఆగి వెనక్కి చూశాడు. భయపడ్డాడేమో అనుకున్నా. ఈ పిల్ల మొహంలో భయం లేదు. రెండు వారాల తర్వాత మళ్ళీ వింటాను, తీసుకురండి" అంది.

తిరిగి నడిచి వస్తూ అడిగాను. "అక్కడెందుకు ఆగావే?"

"ఆగాలి కదా టీచర్."

"ఎవరు చెప్పారు?"

"మీరు ఆగుతారుగా. అక్కడ ఆగి, వంటింటి వైపు చూసి, మళ్ళీ మొదలుపెడతారు. పాటలో అలాగే ఉందనుకున్నా."

పక్కన ఏదో కొట్టు అరుగు ఉంటే కూర్చుండిపోయాను. పిచ్చుక తన సీసాలో నీళ్ళిచ్చింది. ఆ వరుసలో పాట సన్నబడుతుంది. ఇంట్లోవాళ్ళకి అయిపోయిందనిపిస్తుంది. "అయిందా? కాస్త కాఫీ" అని ఆయన, "కళ్ళజోడు ఎక్కడ పెట్టానమ్మా" అని అత్తయ్య. ఎవరూ పిలవని రోజున కూడా, పిలుస్తారేమోనని నేనే ఆగుతున్నాను. వినడం నేర్పుతున్నానని ఇన్నేళ్ళు మురిసిపోయాను. పిల్లలు నిజంగానే విన్నారు. నేను వింటున్నదే వాళ్ళూ విన్నారు.

మర్నాడు పొద్దున్న ఇద్దరికీ చెప్పాను, నాలుగు నుంచి ఏడు దాకా నన్ను పిలవొద్దని. "నేనెప్పుడు పిలిచానమ్మా, ఏదైనా కనపడకపోతే అడుగుతానంతే" అని అత్తయ్య నొచ్చుకుంది. ఆయన నవ్వి "చిత్తం మహారాణీ" అన్నారు. సాయంత్రం అయిదుంపావుకి ఇద్దరూ మర్చిపోయారు. వాళ్ళ సంగతి అలా ఉంచితే, పిలుపు వినగానే లేచి నిలబడ్డది నేను. సగం దూరం వెళ్ళాక గానీ నాకు తెలియలేదు. రెండో రోజూ అంతే. నోటితో వద్దని చెప్పగలిగాను గానీ కాళ్ళు నా మాట వినలేదు. మూడో రోజు నుంచి ఫ్లాస్కులో కాఫీ, అత్తయ్య కళ్ళజోడు, మందులు అన్నీ ఎవరి గదిలో వాళ్ళకి పెట్టి వచ్చి కూర్చున్నాను. అయినా పిలుపులు ఆగలేదు. వాళ్ళకి కావలసింది కాఫీయో, పిలిస్తే పలికే మనిషో నాకు అర్థం కాలేదు. బహుశా వాళ్ళకీ తెలియదు.

పిచ్చుకకి ఆ సీటు తర్వాత వచ్చింది. వాళ్ళమ్మ దుకాణం మూసి మరీ మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. కానీ నేను చెప్పదలుచుకున్నది దానికి ముందు శుక్రవారం సంగతి.

ఆ రోజు పిచ్చుక వాయిస్తోంది. రెండో పేజీలోకి వచ్చింది. మూడో వరుస సన్నబడుతుండగా లోపల్నుంచి ఆయన గొంతు. "ఏమోయ్, ఫోను ఛార్జరు ఎక్కడ?" పిచ్చుక వేళ్ళు మెత్తబడ్డాయి. "వాయించు" అన్నాను చిన్నగా. నా మోకాళ్ళ మీద రెండు చేతులూ గట్టిగా ఆనించి కూర్చున్నాను, పైకి లేవబోయే మనిషిని ఎవరో పట్టుకున్నట్టు. రెండోసారి పిలిచారు. మూడోసారి నా పేరు పెట్టి పిలిచారు. వీపు వెనక చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి గుమ్మంలో ఆగింది. పిచ్చుక నాలుగో వరుసలోకి వెళ్ళిపోయింది. దాని మెడ నిటారుగా ఉంది.

"ఇన్నిసార్లు పిలుస్తుంటే వినపడలేదా?" అన్నారు ఆయన. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"వినపడింది" అని, పిచ్చుక కోసం పేజీ తిప్పాను.