రెండో ప్రతి

నేను ఒక నల్లటి చిన్న పెట్టెని. అరచేతిలో ఇముడుతాను. కొట్లో నన్ను హార్డ్ డిస్క్ అన్నారు. నన్ను కొన్న హైమవతి ఇంట్లో మాత్రం అందరూ డబ్బీ అనేవారు. నా పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. సముద్రం అవతల ఎక్కడో, గాలిని కూడా వడపోసి వదిలే ఒక గదిలో, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా ముసుగులేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. నా లోపల అద్దంలాంటి పలక ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. దాన్ని తాకకుండా, వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో, సూదిలాంటి చెయ్యి ఒకటి తేలుతుంటుంది. ఆ చెయ్యి పలకను తాకనంతకాలమే నా ఆయుష్షు. మనుషులకి ఇంత సున్నితమైన వస్తువులు చెయ్యడం వచ్చు. వాటిని వెంటేసుకుని తిరగడమే చేతకాదు.

భీమవరంలో నన్ను అమ్మిన కొట్టాయన హైమవతికి ఒక మాట చెప్పాడు. “ల్యాప్‌టాప్ ఉన్న చోట దీన్ని ఉంచకండమ్మా. అది పోతే ఇది ఉండాలి. ఇది పోతే అది ఉండాలి. దీని పని అంతేనండి.” నాకు దొరికిన ఉపదేశం ఆ ఒక్కటే. నేను రెండో ప్రతిని. మొదటిదానికి దూరంగా ఉండడమే నా ఉద్యోగం.

హైమవతిది నరసాపురం. లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో నలభైమంది ఆడవాళ్లు వంటా వార్పూ అయ్యాక అరుగుల మీద కూర్చుని, దారమూ క్రోషియా సూదీ పట్టుకుని బల్లగుడ్డలు అల్లుతారు. వాటిని ఆమె పైదేశాలకు పంపే ఏజెంటుకి అందిస్తుంది. ఈ అల్లికలకు కాగితం మీద రాసిపెట్టుకున్న పద్ధతంటూ ఉండేది కాదు. తల్లి చేతి నుంచి కూతురి చేతికి రావడమే. పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతూ అల్లికల్ని కూడా తీసుకుపోవడం చూసి, హైమవతి తొమ్మిదేళ్లు ఇల్లిల్లూ తిరిగింది. ముసలమ్మల పక్కన పీట వేసుకుని కూర్చుంది. వాళ్లు సూది తిప్పుతుంటే, వరస తర్వాత వరస గళ్లలో గుర్తులు పెట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మొత్తం ఆరువందల ముప్ఫై నమూనాలు. వాటిలో సగం అల్లినవాళ్లు ఇప్పుడు లేరు. ప్రతి శనివారం నన్ను లోపలి బీరువాలోంచి తీసి, వీధి గదిలో ల్యాప్‌టాప్‌కి తగిలించి, అన్నీ నాలోకి ఒంపి, మళ్లీ బీరువాలో పెట్టేది.

ఇంటర్నెట్‌లో కూడా ఒకచోట దాచుకోమని చెప్పినవాళ్లున్నారు. ఆమె వినలేదు. ఒకసారి ఎవరో ఫోనులో ఫొటో తీసుకుపోయిన అల్లిక, మూడు నెలలు తిరక్కుండా యంత్రం మీద చేసిన గుడ్డయి బజారులోకి వచ్చేసింది. అప్పటినుంచి ఏ నమూనానీ ఫోనులోకి రానివ్వలేదు. ఏజెంటుకైనా తెర మీద చూపించడమే తప్ప చేతికిచ్చేది కాదు. దొంగలు ఎటునుంచి వస్తారో ఆమె ఒక్కవైపే చూసింది.

దసరాకి ముందు ఆ ఏజెంటు ఒక నమూనా దగ్గర ఆగిపోయాడు. వరహాలమ్మ అనే ఆవిడ ఎప్పుడో అల్లిన నెమళ్ల బల్లగుడ్డ. వరహాలమ్మ పోయి నాలుగేళ్లు. నెలాఖరుకి అలాంటి గుడ్డ ఒకటి అల్లి చూపిస్తే, నలభైమందికీ ఏడాది పొడుగునా పని. చూపించలేకపోతే యంత్రం గుడ్డే తీసుకుంటానని చెప్పి వెళ్లాడు. ఆ నమూనా గళ్ల పటాన్ని ఆడవాళ్లకు పంచేలా సెలవుల్లో సరిచెయ్యాలనుకుంది హైమవతి.

ఆ సెలవుల్లోనే అరకు ప్రయాణం పడింది. బొర్రా గుహల్లో శివలింగాన్ని చూడాలన్నది హైమవతి అత్తగారు మంగతాయారుకి ఇరవయ్యేళ్ల కోరిక. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈసారి భర్త వీర్రాజు అద్దెకారు మాట్లాడేశాడు. కొండల మీదకి కూడా ఆ కంప్యూటరెందుకని సణిగాడు కానీ, నలభైమంది పని అనేసరికి నోరు మూసుకున్నాడు.

బయల్దేరేముందు మంగతాయారు బీరువా తలుపు తీసుకుని నిలబడింది.

“దీన్నెక్కడ పెడతన్నావమ్మాయ్?”

“అది ఇంట్లోనే ఉండాలండి అత్తయ్యగారూ. రెండూ ఒకచోట ఉంచకూడదంట.”

“మొన్న వెనకవీధిలో తాళం బద్దలుగొట్టి బీరువాలు ఊడ్చుకుపోయారు. నా బంగారం నేను ఒంటి మీదేసుకున్నాను. నీ తొమ్మిదేళ్ల కష్టాన్ని తాళంకప్పకి అప్పజెప్పి పోతావా?”

హైమవతి ఒక క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో నేను అరిచి ఉండేదాన్ని, నోరుంటే. ఈ ఇళ్లలో విలువైనదాన్ని కాపాడడమంటే ఒకటే పద్ధతి. ఊరికెళ్లేటప్పుడు బంగారాన్ని వెంట తీసుకెళతారు. మెడలో వేసుకుంటారు, మిగిలింది మూటగట్టి రొంటిన దోపుకుంటారు. అమ్మమ్మల నాటినుంచీ అంతే. బంగారం ఒక్కటే ఉంటుంది కనుక దానికి అదే క్షేమం. నేను అలాంటిదాన్ని కాను. నాది వేరుగా ఉంటేనే బతికే బతుకు. ఆ సంగతి కొట్టాయనకి తెలుసు, హైమవతికి సగం తెలుసు, మంగతాయారుకి తెలియనే తెలియదు. ప్రేమ ఎక్కువున్నవాళ్లకే తక్కువ తెలియడం మనుషుల్లో నేను చూసిన వింత.

నన్ను కూడా ల్యాప్‌టాప్ సంచీలోనే పెట్టారు.

దారిలో హైమవతి కూతురు తనూజ కార్టూన్లు చూస్తానని మారాం చేసింది. తొమ్మిదేళ్ల పిల్ల. ల్యాప్‌టాప్‌కి తాళంమాట ఉంది, తియ్యనని తల్లి చెప్పింది. “నాకు తెలుసులే. నా పేరూ, నేను పుట్టిన సంవత్సరమూ” అని పిల్ల గట్టిగా చెప్పేసింది. డ్రైవరు కూడా నవ్వాడు. హైమవతి నవ్వలేకపోయింది. విశాఖలో బస చేసిన గదిలో మొదటి పనిగా ఆ మాట మార్చింది. తలుపు గడియ రెండుసార్లు చూసుకుంది. ఇంత జాగ్రత్త మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున మంగతాయారు తన జాగ్రత్త కూడా జోడించింది. ఆ నల్లసంచీ చూస్తేనే లోపలేముందో దొంగకి తెలిసిపోతోందని, ల్యాప్‌టాప్‌ని పాత తువ్వాల్లో చుట్టింది. నన్ను తనూజ మేజోడులో దూర్చింది. ఇద్దర్నీ తన గుడ్డసంచీలో అడుగున పెట్టి, పైన జంతికల డబ్బా, అరటిపళ్లూ పేర్చింది. “ఇప్పుడెవడు ముట్టుకుంటాడో చూస్తాను” అంది. వీర్రాజు కూడా మెచ్చుకున్నాడు, అమ్మ పోలీసుల్లో చేరాల్సిందని.

బొర్రా దగ్గర కారు దిగాక అసలు చిక్కు వచ్చింది. సంచీ కారులో వదలడానికి హైమవతికి మనసొప్పలేదు. మోసుకుని అన్ని మెట్లు దిగడం కష్టం. తాను బయటే ఉంటానంది. మంగతాయారు సంచీ లాక్కుని, దారి పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుండిపోయింది.

“మీరే కదండీ లింగాన్ని చూడాలన్నది.”

“పిల్లకి చూపించుకుని రండి. నాకు ఇక్కణ్నించే కనబడతాడు.”

ఇరవయ్యేళ్ల కోరికను నా కోసం పిట్టగోడ మీదే వదిలేసింది ఆవిడ. నన్ను ఒళ్లో పెట్టుకుని, సంచీ చేతుల్ని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. మేజోడులోంచి నాకు ఆవిడ జపం వినబడుతూనే ఉంది.

మనుషులు ఎత్తుకుపోకుండా కాపలా కాసింది. వచ్చింది కోతులు.

అరటిపళ్ల వాసనకి ముందు ఒకటి వచ్చింది. ఆవిడ అదిలించింది. తర్వాత నాలుగైదు వచ్చాయి. పెద్దది సంచీ పట్టుకుని లాగింది. పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నామె “వొదిలెయ్యమ్మా, వొదిలెయ్” అని అరిచింది. సంచీలో ఉన్నవి పళ్లే కదా అనుకుంది ఆమె. మంగతాయారు వదల్లేదు. కోతి ముంజేతిని గీరింది. అయినా వదల్లేదు. సంచీ చేతులు తెగాయి. మేము పిట్టగోడ మీదనుంచి అవతల లోయలోకి జారిపోయాం.

ఎన్ని రాళ్లకు తగిలామో చెప్పలేను. ఒక్కో రాయికి నా లోపల ఆ సూదిచెయ్యి పలక మీద పడింది, లేచింది, మళ్లీ పడింది. జంతికల డబ్బా మోత ఆగిపోయాక కింద నీళ్ల చప్పుడు మాత్రమే మిగిలింది.

హైమవతి గుహలోంచి నవ్వుతూ వచ్చింది. చుట్టూ జనం, మధ్యలో చేతి నిండా నెత్తురుతో అత్తగారు. సంచీ ఏదని ఆమె అడగలేదు. ముందు ఆ చెయ్యి పట్టుకుంది. తర్వాత పిట్టగోడ దగ్గరికెళ్లి కిందికి చూసింది. మొక్కజొన్నలామె భర్త తాడు కట్టుకుని లోయలోకి దిగాడు. గంట తర్వాత పైకి తెచ్చింది మూడే: తువ్వాలు, ల్యాప్‌టాప్ తెర ముక్క, మేజోడులో నేను. “దీని కింద సెక్క ఏటిలో ఎలిపోయిందమ్మా. వర్సాల నీరు, ఇంక దొరకదు” అన్నాడు.

“ఇదుంది” అంది హైమవతి నన్ను రెండు చేతులా పట్టుకుని. “ఇదుందండి అత్తయ్యగారూ. ఇందులో అన్నీ ఉన్నాయి.”



మంగతాయారుకి ఇంజెక్షన్ వేయించి, అదే రోజు విశాఖలో కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి తెచ్చారు. తగిలించాడు. నేను నా శక్తంతా కూడదీసుకున్నాను. పలక తిరిగింది. చెయ్యి లేవలేదు. టిక్, టిక్, టిక్ అన్నాను. నేను చెప్పగలిగింది అంతే. అతను వెంటనే పీకేసి, ఇంకోసారి ఎక్కడా తగిలించొద్దని చెప్పి నన్ను బెంగుళూరు పంపాడు. అక్కడ మళ్లీ వడపోసిన గాలి, మళ్లీ ముసుగులు. నన్ను విప్పి చూశారు. గీతలు పడ్డాయన్నారు, కుదరదన్నారు. ఇరవై రోజులకి తిరిగి నరసాపురం చేరాను.

గీతలు పడ్డమాట నిజమే. కానీ నెమళ్లున్న చోట పడలేదు. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు.

ఆ ఇరవై రోజులూ మంగతాయారు సరిగా తినలేదట. “నాలుగు తిట్టమ్మా హైమా, తేలిగ్గా ఉంటది” అని ఒకరోజు బతిమాలిందట. హైమవతి తిట్టలేదు. రెంటినీ ఒకే సంచీలో పెట్టనిచ్చిన చెయ్యి తనదే.

నెలాఖరు ఇంకా ఆరు రోజులుందనగా ఆమె నన్ను చేతిసంచీలో వేసుకుని మార్తమ్మ ఇంటికి వెళ్లింది. వయసులో ఉన్నప్పుడు వరహాలమ్మ పక్కన కూర్చుని ఆ నెమళ్ల గుడ్డ అల్లిన మనుషుల్లో బతికున్నది మార్తమ్మ ఒక్కతే. డెబ్భై ఎనిమిదేళ్లు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. విషయం విని సూదీ దారమూ తెమ్మంది.

“నేను గుర్తు తెచ్చుకుంటే రాదమ్మా. చేతికి గుర్తుండాలి. నువ్వేం మాట్టాడకు.”

హైమవతి కాగితమూ పెన్సిలూ తీసుకుని పక్కన కూర్చుంది. మార్తమ్మ గుడ్డ వైపు చూడనే లేదు. వీధిలోకి చూస్తూ సూది తిప్పింది. మధ్యలో గుండ్రం వచ్చింది. దాని చుట్టూ ఆకులు వచ్చాయి. నెమలి కాళ్లు కనబడ్డాయి. హైమవతి కాగితం మీద గళ్లు గీసుకుంటూ పోయింది, కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా. తొమ్మిదో వరస, పదో వరస. నేను ఆమె సంచీలో ఒక్కొక్క గడినీ సరిచూసుకుంటున్నాను. ఒక్క కుట్టు తప్పు లేదు.

పన్నెండో వరస చివర సూది ఆగింది.

మార్తమ్మ రెండు కుట్లు వెనక్కి విప్పి మళ్లీ వేసింది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. పొద్దు వాలేదాకా విప్పుతూ, వేస్తూ ఉండిపోయింది. ఆఖరికి సూది ఒళ్లో పెట్టుకుంది.

“అవతల మెడ వంపు తిరగాల. ఎటు తిరగాలో చెయ్యి చెప్పట్లేదమ్మా. వరాలునడుగుదామంటే అది లేదు.”

హైమవతి సంచీలోంచి నన్ను బయటికి తీసింది. నన్ను ఒళ్లో పెట్టుకుని, మూత లేని పెట్టెలోకి చూసినట్టు చాలాసేపు చూసింది.

ఎడమకి మూడు గళ్లు, తర్వాత ఒక ఖాళీ, అక్కణ్నించి మెడ పైకి తిరుగుతుంది. పదమూడో వరస అది. నాలో భద్రంగా ఉంది.