అనాయేలి బొటనవేలు

కొలబద్దకు అంటిన నూనెను అనాయేలి గుడ్డతో తుడిచాడు. పొద్దుటినుంచి ఇది ఎనిమిదోసారి. పారే అనే కొండల కింది ఊళ్ళలో ఎవరూ పొడిబారిన ఒంటితో గడప దాటరు. ఆసుపత్రికైతే మరీనూ, డాక్టరు ముందు మర్యాదగా ఉండాలని మోచేతుల దాకా నూనె దట్టించుకుని నిగనిగలాడుతూ వస్తారు. ఆ నూనె మీద ఏ అంటుపట్టీ నిలవదు. మచ్చ ఎంతుందో ఫొటోలో తెలియాలంటే పక్కన కొలబద్ద ఉండాలి. అది జారకుండా ఉండాలంటే ఎవరిదో ఒకరి వేలుండాలి. పదకొండేళ్ళుగా ఆ వేలు అనాయేలిది.

ఉద్యోగం పేరు సహాయకుడు. అరవై ఏళ్ళ పొట్టి మనిషి, వంగిన భుజాలు. కుర్రతనంలో కిత్తనార మిల్లులో నలిగి కుడి బొటనవేలి గోరు నిలువునా చీలింది. కుష్టు పరిశోధనకు తీసిన నాలుగు వేల ఫొటోల్లోనూ ఆ చీలిన గోరు ఓ మూల కనిపిస్తుంది. నల్లని ఒంటి మీద మచ్చలు ఎలా ఉంటాయో పుస్తకాల్లో సరైన బొమ్మలు లేవనీ, ఈ ఫొటోలు చూసి ఒక యంత్రం రోగం గుర్తుపట్టడం నేర్చుకుంటుందనీ డాక్టరమ్మ అసిఫివె చెప్పిన రోజున, అనాయేలి ఇంటికి పోయి పెళ్ళాంతో "నా వేలు పాఠం చెబుతోందే" అన్నాడు. ఆవిడ ఆ మాట ఊరంతా చెప్పుకుంది.

ఇవాళ ఆయనకు ఆఖరి రోజు. సోమవారం ఆ యంత్రాన్ని ఫోన్లలో పెట్టి నలభై ఊళ్ళ ఆరోగ్య కేంద్రాలకు పంపుతున్నారు. ఇకమీదట అనుమానమున్న మచ్చను నర్సు ఫొటో తీస్తుంది, ఫోను తీర్పు చెబుతుంది.

అనాయేలి టీ తాగి వచ్చేసరికి డాక్టరమ్మ ఒక్కతే, కొలబద్ద లేకుండానే, ఒకామె చేతి మీది మచ్చను ఫొటో తీసి ఆ ఫోనును పరీక్షిస్తోంది. ముందు కూర్చున్నది, బిడ్డ పేరుతో అందరూ ఫురాహా వాళ్ళమ్మ అని పిలిచే, కిత్తనార తోటలో ఆకు కోసే మనిషి.

"మామూలు పొడిమచ్చేనంటోందమ్మా" అంది డాక్టరు. "పూతమందు రాసిస్తాను, వెళ్ళు."

ఆమె లేవబోయింది. అనాయేలి కళ్ళు ఆమె చిటికెన వేలి మీద ఆగాయి. దాని మీద రేగుపండంత బొబ్బ ఉంది.

"ఇదెప్పుడు కాలింది తల్లీ?"

"ఏది?" అని ఆమె చెయ్యెత్తి, ఎవరి వేలో చూస్తున్నట్టు చూసుకుంది. "ఓయమ్మ, ఎప్పుడు కాలిందో ఏమో తాతా."

ఆయన దూదిని సన్నగా పేనాడు. కళ్ళు మూసుకోమన్నాడు, తాకిన చోటల్లా వేలితో చూపించమన్నాడు. భుజం మీద తాకితే చూపించింది. మచ్చ మీద తాకాడు, మళ్ళీ తాకాడు, మూడోసారీ తాకాడు.

"మొదలుపెట్టవేం తాతా?" అంది ఆమె.

డాక్టరు ముఖం మారిపోయింది. మళ్ళీ ఫోను ఎత్తింది. అనాయేలి అలవాటు కొద్దీ కొలబద్ద పెట్టి వేలు ఆనించాడు. ఈసారి యంత్రం కుష్టు అంది; నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు.

"హమ్మయ్య" అంది డాక్టరు. "ఇందాక ఫొటో సరిగా పడలేదు, అంతే."

అనాయేలికి మాత్రం అది మింగుడు పడలేదు. "మీ చెయ్యి ఓసారి ఇలా ఇవ్వండి డాక్టరమ్మా" అన్నాడు.

మచ్చా మరకా లేని ఆమె మణికట్టు మీద కొలబద్ద పెట్టి బొటనవేలు ఆనించాడు. ఫోను టిక్కుమంది. కుష్టు, తొంభై ఏడు పాళ్ళు. ఫురాహా వాళ్ళమ్మ తన ముక్కాలిపీటను డాక్టరుకు కాస్త ఎడంగా జరుపుకుంది.

డాక్టరు తన మణికట్టునూ, ఆయన గోరునూ మార్చి మార్చి చూసింది. ఆరోగ్యమైన చర్మం ఫొటోలూ, మామూలు మచ్చల ఫొటోలూ విద్యార్థులు బడులకు పోయి తీసుకొచ్చారు. జీపులో చోటు లేదని ఈయన్ని తీసుకెళ్ళలేదు, వాటిలో ఈ వేలు లేదు.

"ఇన్నాళ్ళూ ఇది మీ గోరునే చూస్తూ కూర్చుంది పెద్దాయనా" అంది చివరికి. "మీరు లేని ఊళ్ళలో రోగులందరికీ పూతమందు ఇచ్చి ఇంటికి పంపేసేది."

నలభై ఫోన్లూ పంపకుండా ఆపమని ఎవరికో కబురు చేసింది. మొదటినుంచీ నేర్పాలి. ముందు ప్రతి ఫొటోలోంచీ వేలు కత్తిరించాలి.

"అన్నిట్లోనా?" అన్నాడు అనాయేలి.

"అన్నిట్లోనూ."

"కోసెయ్యండి డాక్టరమ్మా. నొప్పి పుట్టదులెండి."

పుట్టింది. నాలుగు వేల చేతుల పక్కన తానున్నానని మురిసిన ముసలివాడికి ఆ మురిపెం కూడా ఆఖరి పూటే పోవాలా అనిపించింది.

ఫురాహా వాళ్ళమ్మకు మొదటి మోతాదు మాత్రలు దగ్గరుండి మింగించాడు. "ఏడాది మానకు, రోగం పోతుంది. పొయ్యి దగ్గర గుడ్డ పట్టుకో. ఈ చేతిని నమ్మకు, కళ్ళతో చూసుకో."

"నువ్వు ఉంటావుగా తాతా, మళ్ళీ వచ్చేసరికి?"

"డాక్టరమ్మ ఉంటుంది" అన్నాడు.

కేకు కోద్దామనుకున్నారుగానీ ఫోన్ల గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగింటి బస్సు అందుకోవాలని ఆయన తన తెల్ల కోటు విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళాడు. డాక్టరు తలెత్తేసరికి బస్సు కిత్తనార తోటల మలుపు తిరిగిపోయింది.

బల్ల మీద కొలబద్ద ఉంది. ఒక చివర అంకెలు చక్కగానే ఉన్నాయి. రెండో చివర, వేలు ఆనిన చోట, ఒకటీ రెండూ మూడూ అరిగిపోయి, బొటనవేలంత మేర తెల్లగా మిగిలింది.