మా వీధి చెప్పిన అబద్ధం

ఆ రోజు నా నోటికి అడ్డూ అదుపూ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. పొరుగూళ్లో చెల్లెలి కూతురి పెళ్లి చూసుకుని ఇంట్లోకి అడుగుపెట్టేసరికి, మా ముందుగదిలో ఇద్రీస్ పెట్టె సర్దుకుంటున్నాడు.

ఊరికంతా ఒకే ఫోను బూత్ ఉన్న రోజులవి. ఇద్రీస్‌ది సూడాన్. అనంతపురంలో చదువుకుంటూ, వాన లేని నేలలో వేరుశనగ ఎట్లా నిలబడుతుందో చూద్దామని బెళుగుప్ప దగ్గర మా ఊరికి వచ్చాడు. మా చేనులోనే మడులు వేసుకుని, మా ఇంట్లోనే అద్దెకు దిగాడు. మొదటి రెండేళ్ల పంటా కరువు మింగేసింది. ఈ ఏడు దేవుడి దయవల్ల చెట్టుకు కాయ దిగింది. అది పీకి తూకం వేస్తేనే అతని చదువు పూర్తయ్యేది. పీకడానికి ఇంకా వారం పదిరోజులు పడుతుంది.

"యాడికి పోతాండావప్పా?" అన్నాను.

"మా దేశానికమ్మా. పొమ్మన్నారు."

మా యాసే పట్టుబడింది అతనికి. చేతిలో అనంతపురం పోలీసు ఆఫీసు కాగితం ఉంది. ఈ దేశంలో ఉండడానికి ఇచ్చిన గడువు అయిపోయింది. పెంచమని ముందే అర్జీ పెట్టుకున్నాడు, అది కొట్టేశారు. ఎందుకంటే విచారణకు వచ్చిన కానిస్టేబులు, అలాంటి మనిషెవరూ ఈ ఊళ్లో ఉండడం లేదని రాసుకుపోయాడు. ఆ పూట మా ఇంటికి తాళం, ఇద్రీస్ చేనులో ఉన్నాడు.

"వీధంతా అడిగినారంటమ్మా. నన్ను ఎరగమని చెప్పినారంట." కాగితం నా చేతిలో పెట్టాడు. "నేనేం తప్పు చేసినాను?"

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి ఉరికాను.

ఎదురింటి నల్లమ్మవ్వ అరుగు మీద కూర్చుని చాటలో కందిబేడలు ఏరుతోంది.

"ఏమవ్వా! పోలీసాయన వస్తే ఏం చెప్పినావు?"

"ఏం చెప్తానే సుబ్బలక్ష్మీ? అట్లాంటోడు ఈడ లేడని చెప్పినా. గట్టిగానే చెప్పినాలే," అంది గొప్పగా.

టీ అంగడి కొండప్ప ఇంకా గొప్పగా అందుకున్నాడు. "నేనైతే, సూడానోడు కాదు సార్, బళ్లారోడు గూడా మా ఊళ్లో లేడని చెప్పినా వదినా!"

అదీ సంగతి. మా వైపు పోలీసులు ఎవరి గురించి అడిగినా జవాబు ఒక్కటే, లేడు. తాతల నాటి అలవాటు. అడిగింది మేలుకా కీడుకా అని బుద్ధి ఆలోచించే లోపలే నోరు లేడనేస్తుంది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. మావాళ్లది ఎంత బాగా అతికిందంటే, ఆరడుగుల మనిషిని ఊళ్లో లేకుండా చేసేసింది.

"కొంప ముంచినారు కదప్పా! మీరు లేడంటిరి, వాళ్లు ఆ పిల్లోణ్ణి దేశం నుంచే పంపిచ్చేస్తాండారు!"

అవ్వ చేతిలో చాట జారి బేడలన్నీ వీధిపాలయ్యాయి. ఏరుకోలేదు కూడా. "పదండి, పోయి చెప్దాం," అని లేచింది.

ఇక చూడాలి మా వీధిని! కొండప్ప పొయ్యి మీద నీళ్లు కుమ్మరించి, బామ్మర్ది లారీని పిలుచుకొచ్చాడు. ఆడవాళ్లు కొంగులు బిగించి ఎక్కారు. అవ్వను ఇద్దరు ఎత్తి డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఇద్రీస్ ఏమీ అర్థంకాక చూస్తుంటే, చెయ్యి పట్టి లాగి నేనే ఎక్కించాను. దారి పొడవునా నాకు ఒకటే దిగులు. ఆఫీసు మూసేస్తే? పెద్దాయన లేకపోతే? "ఇంకా తొక్కప్పా, నిద్ర పోతాండావా!" అని డ్రైవర్ని అరుస్తూనే ఉన్నాను.

ఆఫీసు మూయలేదు. ఇన్‌స్పెక్టర్ విష్ణువర్ధన్ ముందు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆయన బల్ల మీద దబదబ కొట్టాడు.

"ఆగండి! అప్పుడు లేడన్నారు. ఇప్పుడు ఉన్నాడంటున్నారు. ఏది అబద్ధం?"

"అప్పుడు చెప్పిందే సార్!"

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్లా నమ్మాలి? ఇతను బతిమాలి పిలుచుకొచ్చాడేమో?"

అప్పటిదాకా ఆగని నా నోరు ఠక్కున ఆగిపోయింది. ఇద్రీస్ గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

నల్లమ్మవ్వ అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది.

"నీది యా ఊరు సార్?"

"తాడిపత్రి పక్కన. ఎందుకు?"

"మనోడివే కదా, అయితే నీకు తెల్దా? ముక్కూ మొగం తెలీనోడి గురించి అడిగితే మనమేం చెప్తాం? అదో, ఆ ఇల్లే సార్ అని దోవ చూపిస్తాం. లేడని ఎవరి గురించి చెప్తాం? కొడుకు గురించి చెప్తాం. మనవడి గురించి చెప్తాం. ఈ పిల్లోడి గురించీ అట్లే చెప్పినా. పరాయోడైతే నేనెందుకు అబద్ధమాడతా?"

విష్ణువర్ధన్ అవ్వను కాసేపు చూసి, ఆపుకోలేక పకపకా నవ్వాడు.

"మా నాయన కోసం పోలీసులొస్తే మా జేజవ్వ గూడా ఇట్లే చెప్పేది," అన్నాడు. కానిస్టేబుల్ని పిలిచి మా అందరి వాంగ్మూలాలు రాయించాడు. విచారణ మళ్లీ జరిపిస్తానని, పంట చేతికొచ్చి చదువు అయ్యేదాకా గడువు ఇమ్మని తానే పైకి రాస్తానని చెప్పాడు. "రేపు మనిషిని పంపిస్తాను. ఈసారి నిజం చెప్పు అవ్వా."

"చెప్తా సార్. ఈ పిల్లోడొక్కడి గురించే. ఇంకెవరి గురించీ అడగాకు."

ఆఫీసంతా గొల్లున నవ్వింది. నాకు సంతోషంతో కాళ్లు నేల మీద ఆగలేదు. ఇద్రీస్ మాత్రం నవ్వలేదు. వచ్చి అవ్వ రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు.

"మీరు నన్ను వద్దనుకున్నారేమో అనుకున్నా అవ్వా."

"వద్దనుకుంటే ఉండాడనే చెప్పేదాన్ని కదరా, ఎర్రోడా!" అంది అవ్వ.