మూడవ పీట

శరత్కాల ప్రాతస్సమయము. నాగావళీ జలముల మీదినుండి వీచు శీతలానిలము సైకతస్థలముల రెల్లుపూవుల నల్లనల్లన కదల్చుచుండ, అరుణకిరణరంజితమైన ప్రాచీదిశ కెదురుగా చౌడిపేట నేతవీధియందు ఈ కొననుండి యా కొనదాక చాచి కట్టబడి యప్పుడే గంజి పట్టిన పడుగులు ధవళకాంతులను వెదజల్లవలసిన వేళ యది. ఆనాడు పడుగులు లేవు. గంజికుంచెలు చూరులయందే వ్రేలాడుచుండెను. వీధి యెల్ల బోసిపోయి కుక్కలకు విహారభూమి యయ్యెను. అయ్యో, పడుగులేని సాలెవీధిని కన్నులార చూచినవారికి గాని యా దైన్యము తెలియదు.

దొరతనమువారు మగ్గముల మీద క్రొత్తగా పన్ను విధించిరి. నేసినను నేయకున్నను ఇంట మగ్గమున్న చాలును, కట్టవలసినదే! ఇది యెక్కడి న్యాయమని వసూలునకు వచ్చిన అమీను నడిగినవాడు కులపెద్దయగు బళ్ల నీలకంఠము యొక్క యేకపుత్రుడు సోమేశము. అడిగినందులకు వానిని పట్టణపు కచేరికి గొనిపోయి బొండకొయ్యలో కాళ్లు బిగించిరి. వీధివా రందరును పన్ను కట్టిననాడు విడుతుమని కబురంపిరి. అమీనునకు న్యాయశాస్త్రము రాదు కాని బేరము చక్కగా వచ్చును.

కష్టకాలమున నాయకులకు కొదువ యుండునా? ఆ వీధికి నిరువురు దొరకిరి. ఒకడు బట్టల దలాలియగు సన్యాసిశెట్టి. గంభీరకంఠుడు, ఆజానుబాహుడు, మాటాడిన గోడలు మారుమ్రోగును. మగ్గములు విప్పుకొని పిల్లాపాపలతో నది దాటి యావలి జమీనునకు వలసపోదమని యతని పిలుపు. రెండవవాడు పూర్వము కచేరిలో కొలువుచేసిన జగన్నాయకులు పంతులు. మృదుభాషి, దుశ్శాలువ కప్పినవాడు. ఈ యేటికి పన్ను కట్టి, పిమ్మట దానిని మాన్పుడని వినయముగా మహజరు వ్రాసి మొరపెట్టుకొందమని యతని హితవు. పగలు శెట్టి మాట విని పిడికిళ్లు బిగించినవారే సాయంకాలము పంతులు మాట విని చేతులు జోడించుచుండిరి. ఏ గాలి వీచిన ఆ గాలికి వంగుట తప్ప వారేమి చేయగలరు పాపము!

తీర్పు చెప్పవలసినవాడు నీలకంఠము. అతని మనస్సో పంతులువైపునకే మొగ్గియుండెను. పన్ను కట్టిన కొడుకు వచ్చును. ఇంతకన్న నాలోచింప నే తండ్రికి శక్యమగును? అయినను కులపెద్ద గాన నందరిని చౌడేశ్వరీ మండపమునకు పిలిపించి "పీటమార్పు జరుగవలెను" అనెను.

పీటమార్పన నా కులమున నొక యాచారము. తగవు పడినవా రిరువురును ఎదురెదురు పీటల గూర్చుండి తమ మాట చెప్పి పిదప పీటలు మార్చుకొని యెదిరివాని పక్షమును తామే చెప్పవలెను. "అది నా మాటయే" యని యెదిరివా డొప్పుకొనుదాక పీట దిగరాదు. అన్నదమ్ముల పంపకములయందును ప్రహరిగోడల తగవులయందును నడచు నీ యాచారమును నాయకుల మీద ప్రయోగించుట యా వీధిలో నదియే మొదలు.

పీట మారిన శెట్టి గొంతు సవరించుకొని "పిరికిపందలమైన మేము దొరల పాదములు పట్టుకొని బ్రతుకుదుము" అనెను. సభ గొల్లుమనెను.

"అది నా మాట కాదు" అనెను పంతులు చిరునవ్వుతో. "మరల చెప్పుడు."

శెట్టి చెమటలు తుడుచుకొని యాలోచించెను. ఎదిరిపక్షమును గూర్చి యతడు నిజముగా నాలోచించుట బహుశః అదియే ప్రథమము. "వలసపోయిన ముసలివాండ్రును బాలింతలును ఏమగుదురు? ఆవలి జమీందారుని దయ మనకు వెనుకకు దారిలేదని తెలియుదాకనే గదా? పిమ్మట నతడు విధించు పన్నును కాదనుట కింకే నది దాటుదుము?"

"అది నా మాటయే" అనెను పంతులు.

నీలకంఠ మడిగెను. "శెట్టీ, జమీందారు మనలను రమ్మనుట నీవు స్వయముగా వింటివా?"

"వినలేదు. అతని ఠాణాలోనివాడొకడు చెప్పెను."

"ఆవలి యొడ్డున నూలుకొట్టు ఎవరిది?"

శెట్టి తల వంచుకొని "నాదే" అనెను. సభలో గుసగుసలు బయలుదేరెను.

తరువాత పంతులు శెట్టి పీట నధిష్ఠించెను. నేర్పరి గాన తడుముకొనకయే చెప్పెను. "ఒకసారి కట్టిన పన్ను మామూలగును. కట్టినచేతితోనే మహజరు వ్రాసినచో, కట్టగలిగిరి గదా, ఇంకేమి కష్టమందురు. ఉప్పుకొటారులవా రట్లే మొరపెట్టుకొనిరి. నేటికిని కట్టుచునే యున్నారు." చెప్పుచు చెప్పుచునే యతని కంఠము సన్నగిల్లెను. తన నోటి మాటయే తనకు సత్యముగా తోచినపుడు మనుష్యుని ముఖ మెట్లుండునో యా సభవారు చూచిరి.

"అది నా మాటయే!" అని శెట్టి తొడ చరచెను.

"పంతులుగారూ, తమ యీనాముభూమి పట్టా యేడాదికేడాదికి స్థిరపరచువారెవరు?" అని నీలకంఠము వినయముగానే యడిగెను.

"కచేరివారే" అనెను పంతులు. అబద్ధమాడలేదు, అదియే యతని గొప్ప.

ఇక తీర్పు చెప్పవలెను. నీలకంఠము లేచెను. "ఇరువురి మాటలయందును తప్పులు గలవు. అయినను పంతులుగారి మార్గమే..." అని యతడు మొదలిడునంతలో స్తంభము చాటుననుండి స్త్రీకంఠ మొకటి వినవచ్చెను. "మామగారూ, మూడవ పీట వేయలేదు."

అందరును తిరిగి చూచిరి. ఆమె సోమేశము భార్యయగు గవరమ్మ. ఏడ్చి యేడ్చి కన్నులు వాచియుండెను.

"మూడవ పీట యెవరిదమ్మా?"

"మీది. శెట్టిగారి నూలుకొట్టు నడిగితిరి. పంతులుగారి పట్టా నడిగితిరి. మీకున్న యొక్క బిడ్డ కచేరిలో నున్నాడు గదా. మీరును పీట మారవలెను."

ఏమి యాడుది! మగడు రావలెనని యా మండపమున నామెకన్న నెక్కువగా కోరువా రెవరు? నీలకంఠము కోడలి ముఖమువంక చూచి, చూచి, పీట తెప్పించుకొని వీధిజనుల కెదురుగా కాక వీధిజనుల నడుమ కూర్చుండెను.

"నేను మీ పక్షమున చెప్పుచున్నాను" అనెను. కన్నీరు గడ్డము మీదికి కారుచుండెను. "కులపెద్ద తన కొడుకును విడిపించుకొనుటకై మా కొడుకుల మగ్గములన్నిటికిని కొయ్య బిగించుచున్నాడు. వాని సంకెల యొకనాటికి తీరును. మాది తరతరములకును తీరదు. ఇది మీ మాటయేనా?"

అంత ఒక ముదుసలి "మా మాటయే నాయనా, చెప్పుటకు నోరురాక యూరకుంటిమి" అనెను. తక్కినవారు తలలూచిరి.

తీర్పు చెప్పబడెను. శెట్టి మాటలో నేత మానుట నిజము, పంతులు మాటలో ఇల్లు వీడకుండుట నిజము. తక్కినవి వారివారి భయములును లాభములును. కావున వలసపోరాదు, పన్ను కట్టరాదు. మన బట్ట కొను దొరల యోడలు రేవునకు వచ్చు ఋతువు దాటుదాక నేయరాదు. మహజరు పంతులే వ్రాయవలెను. రేవునకు బట్ట చేరకుండ శెట్టియే కావలి యుండవలెను. ఇరువురును ఒప్పుకొనిరి, మనస్ఫూర్తిగానో కాదో దేవికే యెరుక.

హేమంతము గడచెను. అంబలి త్రాగి కొందరు, అదియును లేక కొందరు కాలము పుచ్చిరి. రేవున నోడలు సరకు లేక నిలిచిపోగా వర్తకులైన దొరలే దొరతనమువారిమీద విరుచుకుపడిరి. శిశిరాంతమున మగ్గపుపన్ను నిలుపబడెను. సోమేశము విడువబడెను. కొయ్యలో నుండి నుండి వాని పిక్కలు కట్టెలవలె నెండిపోయెను. గుంటమగ్గమున తొక్కుడుపలక తొక్కుట యిక కలలోని మాట. గవరమ్మ వానిని భుజము పట్టి యింటిలోనికి నడిపించుకొని వచ్చెను.

నీలకంఠము రెండు పీటలు వేసెను. తాను కొడుకు పీటను గూర్చుండెను.

"నీ పక్షము చెప్పెదను. 'మా తండ్రి విడిపింపగలిగియు నన్ను విడిపింపలేదు. అతని మొగము చూడనొల్లను.' ఇది నీ మాటయేనా?"

"కాదు నాయనా."

"'నా కాళ్లు పోయెను. వీధివారు సుఖముగా నేసికొందురు.' ఇదియా?"

"కాదు."

"నాకు చేతకాదు బిడ్డా" అని వృద్ధుడు భోరున నేడ్చెను. "నీవే చెప్పుము."

సోమేశము తండ్రి చేయి పట్టుకొని "కచేరి తలుపు చప్పుడైనపుడెల్ల, పన్ను కట్టి నన్ను తీసికొనిపోవ మీరు వచ్చితిరేమో యని గజగజ వణకితిని. అదియే నా మాట" అనెను.

నీలకంఠము వంగి కొడుకు కాళ్లను తన యొడిలోనికి తీసికొని మెల్లగా నొత్తసాగెను. వెలుపల వీధివారు పడుగులు చాచుచు ఒండొరులను కేకవేసికొనుచుండిరి.